తడి సున్నం మీద ఒక్క రోజు: మసాచ్చో హవ్వ ముఖాన్ని ఫ్రెస్కోగా వేయడం ఎలా

హవ్వ ముఖంలో కళ్ళు అని విడిగా ఏమీ లేవు. కిందికి వాలిన రెండు ముదురు మచ్చలున్నాయి, తెరుచుకున్న నోటి దగ్గర ఇంకో మచ్చ ఉంది. చూసినవాళ్ళకి మాత్రం ఆ ముఖంలో అరుపు వినపడుతుంది.

ఈ బొమ్మ ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, ఆర్నో నదికి అవతలి ఒడ్డున, సాంతా మరియా దెల్ కార్మినే చర్చిలో ఉంది. అక్కడ ఒక మూలన బ్రాంకాచ్చి చాపెల్ ఉంటుంది. చాపెల్ అంటే పెద్ద చర్చిలో ఒక కుటుంబం పేరు మీద ఉండే చిన్న ప్రార్థన గది. దానికి సొంత బలిపీఠం ఉంటుంది. పట్టు వ్యాపారి ఫెలిచే బ్రాంకాచ్చి తమ చాపెల్ గోడల మీద యేసు శిష్యుడు పేతురు జీవితాన్ని వేయించాలనుకున్నాడు. 1420ల మధ్యలో మసోలినో, మసాచ్చో అనే ఇద్దరు చిత్రకారులు ఆ పని మొదలుపెట్టారు. 1428లో రోమ్‌లో మసాచ్చో చనిపోయాడు. అప్పటికి అతనికి 26, 27 ఏళ్ళే. మిగిలిపోయిన గోడలను 1480ల్లో ఫిలిప్పీనో లిప్పి అనే మరో చిత్రకారుడు పూర్తి చేశాడు.

ఆదాము, హవ్వ ఏదెను తోట నుంచి వెళ్ళగొట్టబడే దృశ్యం చాపెల్‌లోకి అడుగుపెట్టే చోట ఎడమవైపు స్తంభం మీద ఉంది. ఎత్తు సుమారు 2 మీటర్లు, వెడల్పు మీటరు కూడా లేదు. మసాచ్చో దాన్ని నాలుగు రోజుల పనిగా ముగించాడు. హవ్వ ముఖం అంత క్లుప్తంగా ఉండడానికి సగం కారణం అతని ప్రతిభ అయితే మిగతా సగం సున్నం. ఆ రోజు పూసిన పూత ఆరేలోపు ఆ రోజు బొమ్మ అయిపోవాలి. ఏది వేయాలో, ఏది వదిలేయాలో పూత ముందే తేల్చేస్తుంది. ఫ్రెస్కో, అంటే తడి సున్నపు పూత మీద బొమ్మ వేసే పద్ధతి, గురించి ఎంత చదివినా నాకు ఈ మాట ఒంటికి పట్టలేదు. ఒక మట్టి టైల్ మీద సొంతంగా వేసి చూసిన రోజే పట్టింది. అందుకే ఈ గైడ్.

అడుగు పొడవు, అడుగు వెడల్పు టైల్ మీద హవ్వ ముఖం, భుజం వరకు వేద్దాం. సున్నం నానడానికి మూడు నెలలు, మొదటి పూత ఆరడానికి రెండు వారాలు పడుతుంది. బొమ్మ వేసేది మాత్రం ఒక్క రోజే.

ముందుగా, రంగు గోడను ఎలా పట్టుకుంటుంది?

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన గుల్లకి నీళ్ళు తగిలితే కుతకుతా ఉడికి ముద్దవుతుంది. ఆ ముద్దను గోడకు పూస్తే అది గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని మెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. తడిగా ఉన్నప్పుడే మనం ఉత్త నీళ్ళలో కలిపిన రంగు వేస్తే, ఆ రంగు రేణువులు కొత్తగా ఏర్పడే రాతి పొరలో ఇరుక్కుపోతాయి. బంక అక్కర్లేదు, గుడ్డు సొన అక్కర్లేదు, నూనె అసలే అక్కర్లేదు.

ఆరిన గోడ మీద బంకతోనో గుడ్డుతోనో వేసేదాన్ని సెక్కో అంటారు. మిలన్‌లో లియొనార్డో దా వించి 1490ల్లో వేసిన ‘చివరి విందు’ (లాస్ట్ సప్పర్) బొమ్మను చాలామంది ఫ్రెస్కో అనుకుంటారు. అది పొడి గోడ మీద వేసినది. అందుకే కొన్ని దశాబ్దాలకే రాలడం మొదలైంది. నిదానంగా, మార్చుకుంటూ వేయాలనుకున్న మనిషికి తడి సున్నం సరిపడలేదు.

సున్నం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. రాతి సున్నం గడ్డలు దొరికితే మంచిది. తీరప్రాంతంలో దొరికే గుల్ల సున్నం కూడా పనికొస్తుంది. షాపులో ప్యాకెట్లలో అమ్మే సున్నం పొడిని నానబెట్టి వాడొచ్చు గానీ, ఆ ముద్దకి గడ్డ సున్నం జిగట రాదు.

ఇనుప డ్రమ్ములో మూడొంతుల నీళ్ళు పోసి, సున్నం గడ్డలను ఒక్కొక్కటిగా నీళ్ళలో వేయండి. సున్నం మీద నీళ్ళు పోయకండి, ఎగజిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఆ వేడికి మెత్తబడిపోతుంది. కళ్ళకి అద్దాలు, చేతులకి రబ్బరు గ్లవ్స్, ఒంటికి పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి. కంట్లో పడితే మంచినీళ్ళతో 20 నిమిషాలు ఆగకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ విషయంలో నిర్లక్ష్యం చేస్తే చూపు పోతుంది.

ఉడుకు తగ్గి చల్లారాక జల్లెడ పట్టి, మూత ఉన్న డబ్బాలో వేసి, పైన రెండంగుళాల నీళ్ళు నిలిచేలా ఉంచండి. ఆ నీళ్ళు ఉన్నంతకాలం గాలి తగలదు కాబట్టి సున్నం గట్టిపడదు. మూడు నెలలకి తీసి చూస్తే వెన్నలా ఉంటుంది. తాపీ మీద వేసి తిప్పితే జారిపోకుండా అంటుకుని ఉంటుంది. ప్రాచీన రోమ్‌లో మూడేళ్ళలోపు సున్నం వాడకూడదనే నియమం ఉండేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. డబ్బా మీద తేదీ రాసి పెట్టుకోండి. ఏడాది నానిన సున్నంతో పని చేశాక మూడు నెలలది వాడబుద్ధి కాదు.

మన పాత ఇళ్ళకు వాడిన గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. ఇక్కడ అవేమీ వేయకండి. సిమెంటు చిటికెడు కూడా వద్దు. దానిలోని లవణాలు కొన్నాళ్ళకి బొమ్మ మీదకి తేలి, చవుడు పట్టిన గోడలా తెల్లగా పొంగుతాయి.

ఇసుక

ఏటి ఇసుకే కావాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, పనికిరాదు. గాజు సీసాలో గుప్పెడు ఇసుక వేసి, నీళ్ళు పోసి, బాగా ఊపి పక్కన పెట్టండి. పది నిమిషాలకి కూడా నీళ్ళు బురదగానే ఉంటే ఇంకా కడగాలి. కడిగి ఎండబెట్టాక రెండు రకాలుగా జల్లించండి. బొంబాయి రవ్వ కంటే కాస్త పెద్ద పలుకుది మొదటి పూతకి, సన్నటిది రెండో పూతకి.

మొదటి పూత: అరిచ్చో

నున్నగా మెరిసే సిరామిక్ టైల్ వద్దు. కాల్చిన మట్టి టైల్ తీసుకుని, గరుకుగా ఉన్న వైపు పైకి పెట్టి, ఒక రాత్రంతా నీళ్ళలో ముంచి ఉంచండి. రెండు గిన్నెల ముతక ఇసుకకి ఒక గిన్నె సున్నం. 1400 ప్రాంతంలో చిత్రకారుల కోసం చేతిపుస్తకం రాసిన చెన్నీనో చెన్నీని చెప్పిన పాళ్ళు ఇవే. అడుగు టైల్‌కి లీటరు ఇసుక, అర లీటరు సున్నం సరిపోతాయి. నీళ్ళు పోసి పలచన చేయకుండా, తాపీతో కొట్టికొట్టి కలపండి. మొదట పొడిపొడిగా ఉన్నా, కలిపేకొద్దీ సున్నంలోని తడే బయటికి వస్తుంది.

సెంటీమీటరు మందంలో పూసి, చెక్క పలకతో గరుకుగా రుద్ది, నీడలో రెండు వారాలు ఆరనివ్వండి. నున్నగా చేయకండి. పై పూత పట్టుకోవడానికి ఈ గరుకుతనమే ఆధారం.

గీత

పాత చిత్రకారులు ఈ అరిచ్చో మీదే ఎర్రమన్నుతో బొమ్మ మొత్తం గీసుకునేవారు. దాన్ని సినోపియా అంటారు. పై పూత వేయగానే అది కనపడకుండా పోతుంది. 1944లో పీసా నగరంలోని కాంపో సాంతో బాంబు దాడిలో కాలిపోయాక, దెబ్బతిన్న ఫ్రెస్కోలను గోడ నుంచి విడదీస్తే కింద ఈ ఎర్రటి గీతలు బయటపడ్డాయి. వాటికోసం ఇప్పుడు పీసాలో ప్రత్యేకంగా ఒక మ్యూజియమే ఉంది.

మన చిన్న టైల్‌కి కాగితం పద్ధతి తేలిక. 15వ శతాబ్దం ముందుకు సాగేకొద్దీ ముఖాలకి ఇదే అలవాటైంది. మగ్గం వర్క్ చేసేవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, పైనుంచి పొడి రుద్ది బట్ట మీదకి దింపుతారు కదా, ఇదీ అంతే. హవ్వ ముఖాన్ని అసలు సైజులో కాగితం మీద గీసుకుని, గీతల మీద చిల్లులు పొడవండి. బొగ్గు పొడిని పలచటి బట్టలో మూట కట్టి పెట్టుకోండి.

గీసేటప్పుడే వెలుగు ఎటు నుంచో చూసుకోండి. ఈ చాపెల్‌లో బలిపీఠం ఉన్న గోడకి కిటికీ ఉంది. ఎడమ స్తంభం దగ్గర నిలబడి చూస్తే ఆ కిటికీ కుడివైపు వస్తుంది. మసాచ్చో బొమ్మలో కూడా వెలుగు కుడి నుంచే పడుతుంది, ఆదాము హవ్వల నీడలు ఎడమకి సాగుతాయి. గదిలోకి వచ్చే నిజమైన వెలుగే వాళ్ళ ఒంటి మీద పడుతున్నట్టు ఉంటుంది. సరిగ్గా ఎదుటి స్తంభం మీద మసోలినో వేసిన ఆదాము, హవ్వ పండు తినే వేళ చెట్టు కింద నిలబడి ఉంటారు. వాళ్ళు అందంగా, ప్రశాంతంగా ఉన్నారు గానీ నేల మీద బరువు మోపినట్టు అనిపించరు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాలు చూశాకే గీయడం మొదలుపెట్టండి.

రంగులు

సున్నానికి తట్టుకునే రంగులే పనికొస్తాయి. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు అలాగే వస్తాయి. గోడ మీద కూడా అదే జరుగుతుంది. ఆకులు, పువ్వులు, వేర్ల నుంచి తీసిన రంగుల్లో చాలావరకు సున్నం దెబ్బకి మారిపోతాయి. సీసంతో చేసిన తెలుపు గోడ మీద నల్లబడుతుంది. ఇటలీలోని అస్సీసీలో చిమబుయే అనే చిత్రకారుడు వేసిన ఫ్రెస్కోల్లో వెలుగు పడాల్సిన చోట్లు ఇప్పుడు నల్లగా ఉండడానికి కారణం అదే.

నమ్మదగినవి మన్నులు. గడపలకి పూసే జాజు లాంటి ఎర్రమన్ను, ఎల్లో ఓకర్ పేరుతో దొరికే పసుపు మన్ను, అంబర్ అనే గోధుమరంగు మన్ను, టెర్రె వెర్టె అనే ఆకుపచ్చ మన్ను, నలుపుకి బొగ్గు. ఆర్ట్ షాపులో ఉత్త పిగ్మెంట్ పొడులే అడగండి. ట్యూబుల్లో వచ్చేవాటిలో బంకో, నూనో ఉంటుంది, వద్దు. పొడిని నీళ్ళతో రాతి మీద బాగా నూరి, మూత ఉన్న సీసాల్లో ముద్దగా దాచండి.

తెలుపు మనమే చేసుకోవాలి. చెన్నీని చెప్పిన పద్ధతిలో సున్నాన్ని ఆరబెట్టి, పొడి చేసి, ఎనిమిది రోజులు రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టి, చిన్న బిళ్ళలు చేసి ఎండలో పెడతారు. ఘాటు తగ్గి, చల్లని తెలుపు వస్తుంది. దీని పేరు బియాంకో సాన్ జొవాన్ని.

నీలం సంగతి వేరు. ఆ కాలంలో వాడిన అజురైట్ నీలాన్ని తడి సున్నం మీద కాకుండా, గోడ ఆరాక బంకతోనే వేసేవారు. అందుకే పాత చాపెల్స్‌లో మరియమ్మ నీలి వస్త్రం చాలాచోట్ల రాలిపోయి కింద పూత కనపడుతూ ఉంటుంది. మన ముఖానికి నీలం అక్కర్లేదు.

రోజు ఎంచుకోవడం

నేను మొదటిసారి మే నెలలో మేడ మీద మొదలుపెట్టాను. రెండు గంటల్లో పూత బిగుసుకుపోయింది. నుదురు మాత్రమే నిలిచింది, గడ్డం దగ్గర రంగంతా మర్నాడు వేలికి అంటుకుంది. డిసెంబరు, జనవరి పొద్దులు బాగుంటాయి. వానాకాలం ఇంకా నయం. ఫ్యాన్ ఆపేయండి, కిటికీకి తడి గోనెపట్టా కట్టండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఇలా చేస్తే ఆరేడు గంటలు దొరుకుతాయి.

ఆ ఒక్క రోజు

ముందు రోజు రాత్రి అరిచ్చోని బాగా తడపండి, పొద్దున్నే మళ్ళీ తడపండి. ఎండిన అరిచ్చో పై పూతలోని నీళ్ళు పీల్చేసి రంగుకి టైమ్ లేకుండా చేస్తుంది. ఒక గిన్నె సున్నం, ఒకటిన్నర గిన్నెల సన్న ఇసుక కలిపి, 4 మిల్లీమీటర్ల మందంలో పూయండి. దీన్ని ఇంతొనాకో అంటారు. తాపీతో ఎక్కువసేపు నున్నగా రుద్దితే సున్నం పైకి తేలి రంగు పట్టదు. రెండు మూడు సార్లు చాలు.

ఇప్పుడు ఆగాలి. అరగంట నుంచి గంట. వేలితో మెల్లగా తాకితే చల్లగా ఉండాలి, ముద్ర పడకూడదు. అప్పుడు కాగితం ఆనించి బొగ్గు మూటతో తట్టండి. చుక్కలు దిగుతాయి. కాగితం తీసి, చుక్కలను పలచటి పసుపు మన్ను గీతతో కలపండి.

మొదటి రంగు వెర్దాచ్చో. నలుపు, పసుపు మన్ను, కాస్త తెలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిదరంగు వస్తుంది. దీనితో నీడలన్నీ వేయండి. కనుబొమ్మల కింది గుంటలు, ముక్కు ఎడమ పక్క, దవడ కింద, నోరు. ఈ దశలోనే హవ్వ కనపడాలి. కనపడకపోతే తర్వాత వేసే ఏ రంగూ ఆమెను తీసుకురాలేదు.

చర్మం రంగుని మూడు గిన్నెల్లో ముందే కలిపి పెట్టుకోండి. ఎర్రమన్ను, తెలుపు కలిపిన ముదురుది, మధ్యరకం, లేతది. ఇదీ చెన్నీని పద్ధతే. రంగు ఆరాక చాలా లేతబడుతుంది. అందుకే ప్రతి గిన్నెలోంచి ఒక చుక్క సుద్దముక్క మీద పెట్టి చూడండి. అది వెంటనే నీళ్ళు పీల్చేసి, ఆరిన రంగు ఎలా ఉంటుందో చూపిస్తుంది. ముదురుది నీడ అంచున, లేతది వెలుగు పడే కుడి చెంప మీద. మెత్తని కుంచెలో నీళ్ళు పిండేసి, కండ తిరిగిన దారిలోనే చిన్నచిన్న గీతలుగా వేయండి. ఒకే చోట పదేపదే రుద్దితే పూత లేచి, రంగుతో కలిసి మట్టిరంగు అయిపోతుంది.

మూడో గంట దాటాక పూత ప్రవర్తన మారుతుంది. అప్పటిదాకా కుంచె కింద జారుతున్న రంగుని గోడ దాహంతో తాగేస్తుంది. రోజంతటిలో మంచి సమయం అదే. హవ్వ కళ్ళ మచ్చలు, నోటి ముదురు, నుదుటి మీద చివరి తెలుపు అప్పటికోసమే దాచుకోండి. నేను మూడోసారి వేసినప్పుడు ఎడమ కన్నుని ఒక్క గీతతో పెట్టాను. చేయి తీసేలోపే అది గోడలోకి వెళ్ళిపోయింది. సరిచేయడానికి వీల్లేదని తెలిసి టెన్షన్ పడ్డాను గానీ, ఆ టైల్ మొత్తంలో బాగున్న గీత అదే.

కుంచె గరగరమంటూ లాగుతున్నా, వేసిన రంగు పైపైన సుద్దలా తెల్లగా తేలుతున్నా ఆపేయండి. ఇక వేసేది నిలవదు. ఇంకొక్క చుక్క పెడదామనే కోరికకి లొంగితే ఆ చుక్క ఎప్పటికైనా రాలిపోతుంది.

కోత

బొమ్మ చుట్టూ మిగిలిన ఇంతొనాకోని గీత వెంబడి కత్తితో కోసి పారేయండి. కత్తిని నిటారుగా కాకుండా బయటికి వాలుగా పట్టుకోవాలి. పెద్ద గోడ అయితే మర్నాటి పూత ఆ వాలుకి ఆనుకుని వస్తుంది. ఇలా ఒక రోజు ముక్కని జొర్నాతా అంటారు, అంటే ఒక రోజు పని. పని పైనుంచి కిందికి సాగుతుంది, లేకపోతే పై పూత చుక్కలు కింది బొమ్మ మీద పడతాయి. అతుకు ఆకాశం మధ్యలో కనపడకుండా, తల అంచు, భుజం అంచు వెంబడి పోయేలా చూసుకుంటారు. ఇదే చాపెల్‌లో మసాచ్చో వేసిన పన్ను చెల్లింపు దృశ్యం సుమారు 6 మీటర్ల పొడవు ఉంటుంది. దానికి 30కి పైగా ఇలాంటి రోజు ముక్కలున్నాయి. గోడకి పక్కనుంచి టార్చి వేస్తే ఆ అతుకులు కనపడతాయి. ఏ తలకి ఒక రోజంతా పట్టిందో, ఏ కొండలు ఒక్క పూటలో అయిపోయాయో వాటిని బట్టే చెప్పొచ్చు.

ఆరబెట్టడం, దిద్దడం

నీడలో, గాలి ఆడే చోట నెల రోజులు ఉంచండి. మొదటి వారం బొమ్మ మచ్చలుమచ్చలుగా, ముదురుగా ఉంటుంది. కంగారుపడి చేయి పెట్టకండి. రంగులు నెమ్మదిగా ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. సన్నని బీటలు వస్తే సున్నం ఎక్కువైందనో, పూత మందమై త్వరగా ఆరిందనో అర్థం. పూత పెచ్చులుగా లేస్తే అరిచ్చో సరిగా తడవలేదు. వేలికి రంగు అంటితే ఆలస్యంగా వేశారు.

తప్పనిసరి అయితే ఆరాక గుడ్డు సొనతో రంగు కలిపి చిన్న చోట దిద్దుకోవచ్చు. అది సెక్కో కాబట్టి రాయిలో భాగం కాదు. ఈ తేడా ఆదాము హవ్వల విషయంలో మేలే చేసింది. 17వ శతాబ్దం చివర్లో ఎవరికో నగ్నత్వం అభ్యంతరమై ఇద్దరి నడుముకీ ఆకులు వేయించారు. మసాచ్చో రంగు గోడలో ఉంది, ఆకులు గోడ పైన ఉన్నాయి. 1980ల్లో శుభ్రం చేసినప్పుడు ఆకులు తీసేస్తే, మూడు వందల ఏళ్ళు వాటి వెనక ఉన్న బొమ్మ మళ్ళీ కనపడింది.

వార్నిష్ వేయకండి, గోడకి ఊపిరాడదు. టైల్ బరువు మూడు నాలుగు కిలోలైనా ఉంటుంది కాబట్టి మేకుకి తగిలించకుండా చెక్క స్టాండులో నిలబెట్టండి. వంటింటి ఆవిరి తగలని చోట, కిటికీ మీకు కుడివైపు వచ్చే గోడకి ఆనించి పెట్టండి.